స్ప్రూస్ చెట్టు తెల్లదా, ఎంగెల్మనా తేలకపోతే ఏ పేరు రాయాలి?

తమ్ముడు అడిగిందేంటో ముందు రెండు ముక్కల్లో చెప్తాను. గాజువాక కుర్రాడు, కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం, ప్రిన్స్ జార్జ్ దగ్గర ఫారెస్ట్రీలో మాస్టర్స్ చేస్తున్నాడు. అడవిలో హద్దు గీసిన ఒక ప్లాట్‌లో 40 స్ప్రూస్ చెట్లకి, అంటే ఒక రకం సూది ఆకుల చెట్లకి, పేర్లు రాసి తెమ్మన్నారట. ఒకే చెట్టుని ఫోన్‌లో యాప్ తెల్ల స్ప్రూస్ అంటోంది, పక్కన ఉన్న ఫ్రెండ్ ఎంగెల్మన్ అంటున్నాడు, పుస్తకం తీస్తే సగం లక్షణాలు దీనివి సగం దానివి. ఏ పేరు రాయాలి, ఎలా తేల్చాలి అని ప్రశ్న.

సూటిగా చెప్పేస్తాను. నువ్వున్న చోట ఒక్కో చెట్టుకీ ఒక్కో స్పీషీస్ పేరు తేల్చాలని కూర్చోకు. ఆ ప్రాంతంలో స్ప్రూస్ అంటే దాదాపు అంతా తెల్ల స్ప్రూస్, ఎంగెల్మన్ స్ప్రూస్ తరతరాలుగా కలిసిపోయిన హైబ్రిడ్డే. పేరు కాలమ్‌లో ఇంటీరియర్ స్ప్రూస్ అని రాసెయ్, అక్కడి ఫారెస్ట్ వాళ్ళ కోడ్ ఎస్ఎక్స్, అది నీ షీట్ మీద కూడా ఉండే ఉంటుంది. కానీ అక్కడితో ఆపకు. పక్కన ఇంకో రెండు కాలమ్‌లు గీసుకుని, ఒకదాంట్లో కోన్ (గింజలుండే చెక్కలాంటి కాయ) పొలుసు కొలత, ఇంకోదాంట్లో చెట్టు ఎంత ఎత్తులో ఉందో రాయి. ఆ చెట్టు గురించి నిజంగా చెప్పేవి ఆ రెండు కాలమ్‌లే, పేరు కాదు.

నేను ఆ చుట్టుపక్కలే ఒక మొక్కల నర్సరీలో 11 ఏళ్ళు చేశాను. కోన్లు ఏరించడం, గింజ తీయించడం, లాట్లకి, అంటే ఒక చోట ఏరిన గింజ మొత్తానికి, లేబుళ్ళు రాయడం, ఇదే పని. ఇప్పుడు వైజాగ్ వచ్చేసి సీతమ్మధారలో ఉంటున్నాను కానీ ఆ కోన్లు ఒక బిస్కెట్ డబ్బా నిండా నాతో వచ్చాయి. కాబట్టి నేను చెప్పేది చేత్తో పట్టుకుని చూసిందే.

ఇక్కడి వాళ్ళకి ఒక మాట, మన నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు అని అమ్మేది స్ప్రూస్ కాదు, అది అరకేరియా. మన దేశంలో స్ప్రూస్ చూడాలంటే హిమాలయాలకే పోవాలి. స్ప్రూస్‌లు మొత్తం ఒక 35 దాకా స్పీషీస్ ఉన్నాయి, సూది ఆకు రాలిపోయాక కొమ్మ మీద చిన్న మేకులాంటి మొన మిగులుతుంది, చేత్తో తడిమితే గరుగ్గా తగులుతుంది, అది ఉంటే స్ప్రూస్.

అసలు ఎందుకు ఇలా కలిసిపోతాయంటే, వీటికి అడ్డు లేదు. స్ప్రూస్‌లన్నిటికీ మామూలుగా 24 క్రోమోజోములే, పుప్పొడి గాలికి పోతుంది, పుట్టిన హైబ్రిడ్‌కి సంతానం బాగానే అవుతుంది, ఆ సంతానం మళ్ళీ ఇటు తెల్లదాంతోనో అటు ఎంగెల్మన్‌తోనో కలుస్తుంది, ఇలా వేల ఏళ్ళు జరిగింది. తెల్ల స్ప్రూస్ ఉత్తరాన అలాస్కా నుంచి తూర్పున న్యూఫౌండ్‌లాండ్ దాకా పరుచుకున్న చెట్టు, పల్లపు నేలల్లో ఉంటుంది. ఎంగెల్మన్ రాకీ పర్వతాల చెట్టు, దక్షిణాన న్యూ మెక్సికో, ఆరిజోనా కొండల దాకా ఉంటుంది, ఎత్తు ఇష్టం, మంచు ఎక్కువ పడాలి. ఈ రెండూ కలిసే చోటే బ్రిటిష్ కొలంబియా లోపలి భాగం, ఆల్బర్టా కొండల అంచు. అంటే నువ్వు సరిగ్గా వాటి సరిహద్దు మీద నిలబడ్డావు, అది గీత కాదు, కొన్ని వందల కిలోమీటర్ల వెడల్పున్న ప్రాంతం.

మనకి తెలిసిన పోలిక కావాలంటే జామాయిల్ చూడు. మన దగ్గర పొలాల గట్ల మీద పాత జామాయిల్ తోటల్లో ఉండే మైసూర్ గమ్ అనే రకం కర్ణాటకలో నంది కొండల దగ్గర నుంచి వచ్చింది, అక్కడ రకరకాల యూకలిప్టస్ స్పీషీస్ పక్కపక్కన వేస్తే వాటిలో అవి కలిసిపోయాయి. ఆ తోటలోకి పోయి ఇది ఏ స్పీషీస్ అని చెట్టు చెట్టునీ అడిగితే ఏం చెప్తాం. కాకపోతే అక్కడ కలిపింది మనిషి, స్ప్రూస్‌ని ఎవరూ కలపలేదు.

ఇక చూడాల్సింది ఏంటి. మొదట కోన్ పొలుసు. ఆకు కాదు, బెరడు కాదు, చెట్టు ఆకారం అసలే కాదు. కోన్ మధ్య భాగం నుంచి పొలుసు పీకు, పైనుంచీ కిందనుంచీ తీయకు, అవి ఎప్పుడూ వంకరగా ఉంటాయి. పొలుసు లోపలివైపు తిప్పితే రెండు గింజల రెక్కలు అంటుకున్న అచ్చు కనిపిస్తుంది, లేత రంగులో, మైనం మీద గోరు నొక్కినట్టు. ఆ అచ్చు ఎక్కడ ముగిసిందో అక్కడి నుంచి పొలుసు చివరిదాకా ఎంత ఉందో కొలు. తెల్ల స్ప్రూస్‌లో ఆ ముక్క అర మిల్లీమీటరు నుంచి 3 మిల్లీమీటర్లు, పొలుసు విసనకర్రలా ఉండి చివర గుండ్రంగా, అంచు నున్నగా ఉంటుంది. ఎంగెల్మన్‌లో 3 నుంచి 8 మిల్లీమీటర్లు, పొలుసు డైమండ్ ఆకారంలో సాగి, చివర చిరిగిన కాగితంలా పళ్ళు పళ్ళుగా ఉంటుంది. రెండిటికీ మధ్య 3 దగ్గర గీత ఉన్నట్టు పుస్తకంలో అనిపిస్తుంది. నీ ప్లాట్‌లో ఎక్కువ చెట్లు ఆ 3 చుట్టూనే తిరుగుతాయి చూడు.

దీని మీద ఒకటి చెప్పాలి. పోయిన వేసవిలో మా మేనకోడలు వచ్చింది, బోటనీ ఎమ్మెస్సీ. నా డబ్బాలో కోన్లు బయటికి తీశాను. ఇక్కడ సముద్రపు గాలి తేమకి ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటాయి, మేడ మీద ఎండలో రెండు గంటలు పెడితే గానీ పొలుసులు విచ్చుకోవు. హాల్లో ఫ్యాన్ ఆపేసి, పేపర్ పరిచి, ఒక 60 పొలుసులు తనకి ఇచ్చి, ఏది ఎక్కడిదో చెప్పకుండా గుండ్రంవి ఒక చివర, పళ్ళున్నవి ఇంకో చివర పెట్టి మధ్యలోవి వరసగా సర్దమన్నాను. చెమటలు కక్కుతూ గంటసేపు సర్దింది, చాలా బాగా సర్దింది. అప్పుడు స్కేలు ఇచ్చి, తెల్ల స్ప్రూస్ ఎక్కడ ఆగిపోయిందో అక్కడ అడ్డంగా పెట్టమ్మా అన్నాను. పెట్టింది. సాయంత్రం టీ తాగాక మళ్ళీ పెట్టమన్నాను, ఈసారి పదకొండు పొలుసులు పక్కకి పెట్టింది. తన తప్పేం లేదు, ఆ వరసలో ఎక్కడా సందు లేదు. నీ ఫ్రెండూ నువ్వూ కొట్టుకునేది కూడా ఇందుకే, ఇద్దరూ స్కేలు వేరే వేరే చోట పెడుతున్నారు.

పొలుసు తర్వాత చిగురు కొమ్మ చూడు, అంటే ఈ ఏడాది పెరిగిన చిన్న కొమ్మ. 10 రెట్ల లెన్స్ పెట్టి చూస్తే ఎంగెల్మన్‌కి సన్నటి నూగు ఉంటుంది, తెల్ల స్ప్రూస్‌కి మామూలుగా ఉండదు. ఆకు నలిపి వాసన చూడమని కూడా చెప్తారు, తెల్లదానిది ఘాటు కంపు, నిజమే గానీ హైబ్రిడ్‌ల దగ్గర నేను దాన్ని నమ్మను, పది మంది ముక్కులు పది రకాలు.

కోన్లు ఎక్కడ ఏరావన్నది చాలా ముఖ్యం. చెట్టు కింద పడ్డవి ఆ చెట్టువే అనుకోవద్దు. అక్కడి ఎర్ర ఉడుతలు చుట్టుపక్కల చెట్ల కోన్లన్నీ కోసి ఒకచోట గుట్ట పోసుకుంటాయి. నా మొదటి ఏడాది నేను అలాంటి గుట్ట పక్కన ఏరి, ఒక చెట్టులో ఇంత తేడా ఉందేంటని మూడు రోజులు కొలతలు రాస్తూ కూర్చున్నాను, మా సూపర్‌వైజర్ వచ్చి ఉడుత గుట్ట చూపించి షీట్ మొత్తం కొట్టేయించాడు. కొమ్మ మీద నుంచే తెంపు, చెట్టుకి కనీసం ఐదు కోన్లు, కోన్‌కి మూడు పొలుసులు, సగటు రాసుకో. ఒక్క పొలుసుతో పేరు పెట్టడం మాత్రం వద్దు. ఒకే చెట్టులో కోన్‌కీ కోన్‌కీ మిల్లీమీటరు తేడా రావడం మామూలే.

ఒక చెట్టు నాకు ఇప్పటికీ గుర్తుంది. మెక్‌బ్రైడ్ వైపు రాబ్సన్ లోయలో కొండవాలు మీద, రోడ్డు మలుపు దగ్గర. పొలుసు చివర సగటున 4 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే ఎంగెల్మన్. అంచు మాత్రం నున్నగా, గుండ్రంగా, అంటే తెల్లది. కొమ్మ మీద లెన్స్ పెడితే ఒకవైపు కొమ్మకి నూగు ఉంది, ఇంకో కొమ్మకి లేనట్టే ఉంది. మూడు లక్షణాలు మూడు మాటలు చెప్పాయి. దాన్ని ఏమనాలి? అది పాడైపోయిన తెల్ల స్ప్రూసూ కాదు, సరిగ్గా ఎదగని ఎంగెల్మనూ కాదు. ఆ వాలు మీద ఆ ఎత్తుకి సరిపోయిన చెట్టు, అంతే. నిటారుగా, ఎంత ఆరోగ్యంగా ఉండేదో చెప్పలేను.

అందుకే ఎత్తు రాయమన్నాను. అదే లోయలో అడుగున 700 మీటర్ల దగ్గర మొదలుపెట్టి పైకి ఎక్కుతూ కొలిస్తే, ఒక్కో చెట్టు అటూఇటూ ఊగినా సగటు మాత్రం నెమ్మదిగా తెల్ల వైపు నుంచి ఎంగెల్మన్ వైపు జరుగుతుంది. ఊరికే జరగట్లేదు అది. ఈ హైబ్రిడ్ ప్రాంతం మీద 2014లో వచ్చిన జన్యు పరిశోధనలో తేలింది కూడా ఇదే, పెరిగే కాలం ఎంత పొడుగు, మంచు ఎంత పడుతుంది అన్నదాన్ని బట్టి ఏ జన్యువులు ఎంత పాళ్ళలో ఉండాలో ఆ నేలే ఎంచుకుంటోంది, మధ్య రకం చోట్లలో హైబ్రిడ్‌లే తల్లిదండ్రుల కంటే మెరుగ్గా నిలబడుతున్నాయి. అంటే హైబ్రిడ్ అనేది మధ్యలో ఇరుక్కుపోయిన చెట్టు కాదు, ఆ చోటికి అదే అసలు చెట్టు. నువ్వు రిపోర్ట్‌లో వీటిని గుర్తించలేని చెట్లు అనో, అనుమానాస్పదం అనో మాత్రం రాయొద్దు, అలా రాస్తే నాకు నిజంగా బాధ.

లక్షణాలన్నీ కలిపి ఒక నంబర్ చేయడానికి పాత పద్ధతి ఒకటి ఉంది, హైబ్రిడ్ ఇండెక్స్. ఎడ్గర్ ఆండర్సన్ అనే బోటనిస్ట్ 1936లో వేరే మొక్కల మీద చేసి చూపించాడు. ఒక్కో లక్షణానికీ తెల్ల వైపైతే 0, మధ్యలో ఉంటే 1, ఎంగెల్మన్ వైపైతే 2 వేసి కూడుకోవడమే. నీ 40 చెట్లకి ఇది చాలు. కానీ దీని హద్దు తెలుసుకో, ఒకే మొత్తం వచ్చిన రెండు చెట్లలో ఒకటి మొదటి తరం హైబ్రిడ్ కావచ్చు, ఇంకోటి ఇరవయ్యో తరం కావచ్చు, పొలుసు చూసి అది చెప్పలేం. పైగా నీడలో పెరిగిన చెట్టు, ఎండలో పెరిగిన చెట్టు ఒకేలా ఉండవు.

సరే డీఎన్ఏ చేయిస్తే తేలిపోతుంది కదా అంటావు. కొంత తేలుతుంది. ఇక్కడ స్ప్రూస్‌లో ఒక విచిత్రం ఉంది, క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ తండ్రి నుంచి పుప్పొడిలో వస్తుంది, మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచి గింజలో వస్తుంది, న్యూక్లియస్‌లోది ఇద్దరి నుంచీ. కాబట్టి క్లోరోప్లాస్ట్ ఒక్కటే టెస్ట్ చేసి ఇది తెల్ల స్ప్రూస్ అనడం ఎలాంటిదంటే, మనిషి ఇంటిపేరు చూసి వాళ్ళ అమ్మ తరఫు వాళ్ళెవరో చెప్పేసినట్టు. ఇంటిపేరు తండ్రి, తాత, ముత్తాత గీత ఒక్కటే చెప్తుంది, మిగతా చుట్టరికం అంతా వదిలేస్తుంది. న్యూక్లియస్‌లో చాలా చోట్ల మార్కర్లు చూసి, స్ట్రక్చర్ లాంటి ప్రోగ్రామ్‌లో వేస్తే ఈ చెట్టు 0.7 తెల్లది, 0.3 ఎంగెల్మన్ అని వస్తుంది. 0.9 దాటితే ప్యూర్ అనుకుందాం అనే హద్దు మనం పెట్టుకున్నది, చెట్టు పెట్టుకున్నది కాదు. మళ్ళీ ఆ లెక్కకి స్వచ్ఛమైన నమూనాలు కావాలి, తెల్లదానికి తూర్పు కెనడాకో, ఎంగెల్మన్‌కి బాగా దక్షిణానికో పోవాలి, ఎందుకంటే మధ్య రాకీ పర్వతాల్లో కూడా అంతకుముందు ఎవరూ గుర్తించని హైబ్రిడ్‌లు ఉన్నాయని 2013లో బయటపడింది. అదే ఏడాది తెల్ల స్ప్రూస్ జీనోమ్, అంటే చెట్టు డీఎన్ఏ మొత్తం చదివింది, అని ఒకటి విడుదల చేశారు, దాదాపు 2000 కోట్ల అక్షరాలు, మనిషిది 300 కోట్లే. ఆ చెట్టు బ్రిటిష్ కొలంబియా లోపలి ప్రాంతానిది, దాంట్లో కూడా కలగలుపు ఉంది. జీనోమ్ చదివిన చెట్టు సంగతే అలా ఉంటే యాప్‌ని ఏమంటాం.

పేరు తప్పు రాస్తే నష్టమేంటి అనుకోకు, చెట్టుకి కాదు గానీ నాటేవాడికి నష్టం. ఇది నేను కళ్ళారా చూసింది. తీరం వైపు సిట్కా స్ప్రూస్ ఉంటుంది, సముద్రపు తేమలో బతికే చెట్టు. స్కీనా నది వెంట ప్రిన్స్ రూపర్ట్ నుంచి టెర్రస్ మీదుగా హేజల్టన్ వైపు లోపలికి పోతుంటే సిట్కా నెమ్మదిగా తెల్లదాంతో కలిసిపోతుంది, నాస్ నది వెంట కూడా అంతే. ఒక ఏడాది అలాంటి చోట ఏరిన గింజ లాట్ మీద ఎవరో తెల్ల స్ప్రూస్ అని రాసి పంపారు. మొక్కలు బాగానే లేచాయి. ఆగస్టు ఆఖరున పాలీహౌస్‌లో ట్రేల మధ్య నడుస్తూ మొక్క కొనలు బొటనవేలితో నొక్కి చూసుకునేవాణ్ణి. చలికి ముందు పెరగడం ఆపి మొగ్గ కట్టిన మొక్క కొన గట్టిగా చిన్న గింజలా తగులుతుంది. పక్క లాట్లన్నీ కట్టాయి, ఈ లాట్ కొనలు మాత్రం ఇంకా మెత్తగా, లేత పచ్చగా, పెరుగుతూనే ఉన్నాయి. అది సిట్కా రక్తం ఎక్కువున్న లాట్ లక్షణం, తీరంలో చలి ఆలస్యంగా వస్తుంది కాబట్టి దానికి తొందర లేదు. నేను చెప్పాను, రాసి కూడా పెట్టాను, కానీ లేబుల్ మీద తెల్లది అని ఉంది కాబట్టి లోపలి లోయలో చలి పేరుకునే పల్లంలో నాటేశారు. తర్వాతి శరదృతువులో ముందుగా పడ్డ గడ్డమంచుకి కొనలన్నీ కాఫీపొడి రంగుకి తిరిగాయి. వేలల్లో మొక్కలు. ఎవరో ఒకరు ఆ లాట్ కోన్ ఒకటి పీకి, పొలుసు గట్టిగా, పొడుగ్గా ఉందని, ఆకు చదునుగా ఉండి వేళ్ళ మధ్య దొర్లట్లేదని చూసి ఉంటే ఆగేది. తెల్లదాని ఆకు నాలుగు పలకలు కాబట్టి చక్కగా దొర్లుతుంది.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. సిట్కా కొన చిగురుని వీవిల్ అనే పురుగు తినేసి చెట్టుని గుబురుగా మార్చేస్తుంది, తెల్లదాంతో కలిసిన హైబ్రిడ్‌లు ఆ పురుగుని బాగా తట్టుకుంటాయి. కాబట్టి ఎంత పాళ్ళలో కలిసిందో తెలిస్తే అదే లాట్ సరైన చోట వరం. ఈ సిట్కా, తెల్ల హైబ్రిడ్‌కి మాత్రం సొంత పేరే ఉంది, లుట్జ్ స్ప్రూస్. అలాస్కాలో కెనాయ్ ద్వీపకల్పం చెట్లని చూసి 1953లో ఎల్బర్ట్ లిటిల్ అనే బోటనిస్ట్ పెట్టాడు. ఐస్‌లాండ్‌లో కూడా ఈ హైబ్రిడ్‌ని నాటుకుంటారు.

తెల్ల, ఎంగెల్మన్‌లని ఒకే స్పీషీస్ అనెయ్యొచ్చు కదా అని కూడా నువ్వు చివర్లో అడిగావు. 1959లో టేలర్ అనే బోటనిస్ట్ అదే చేశాడు, ఎంగెల్మన్‌ని తెల్ల స్ప్రూస్‌లో ఉపజాతిగా కలిపేశాడు. నాకది నచ్చదు. న్యూ మెక్సికో కొండ మీద ఎంగెల్మన్‌ని, క్యుబెక్‌లో తెల్లదాన్ని పక్కపక్కన పెడితే ఎవరైనా వేరు చేస్తారు, బతికే తీరే వేరు. మధ్యలో కలిశాయని రెండు చివరలూ లేవనడం సరికాదు. రెండు పేర్లూ ఉంచి మధ్యలో గుణకారం గుర్తు పెట్టి రాయడమే నిజాయితీగా ఉంటుంది. అలాగని పక్కపక్కన ఉన్న ప్రతి రెండు స్ప్రూస్‌లూ ఇలా కలుస్తాయనుకోకు. కొలరాడోలో ఎంగెల్మన్, బ్లూ స్ప్రూస్ ఒకే వాగు దగ్గర ఉన్నా అడవిలో వాటి హైబ్రిడ్‌లు చాలా అరుదు. తెల్ల, నల్ల స్ప్రూస్‌లు ఖండం ఈ చివర నుంచి ఆ చివర దాకా కలిసే ఉంటాయి, హైబ్రిడ్ దొరికితే వార్తే. తూర్పున నల్లది, ఎర్రది మాత్రం బాగానే కలుస్తాయి.

నీ షీట్ సంగతికి వస్తే, క్లాసులో ఇవ్వడానికైతే ఎస్ఎక్స్, ఇండెక్స్ నంబర్, ఎత్తు. గింజ ఏరడానికైతే పేరు కంటే ఏ చోటు, ఏ ఎత్తు, ఏ వాలు అన్నది పెద్దక్షరాలతో రాయి. ప్లాట్ బాగా పైన, చెట్లు ఆగిపోయే చోటికి దగ్గర్లో ఉండి, 40కి 40 చెట్ల పొలుసుల కొలతా 5 మిల్లీమీటర్లు దాటి, అంచులు పళ్ళు పళ్ళుగా ఉంటే అప్పుడు ఎంగెల్మన్ అని రాసుకో, నేను కాదనను.

కొలవడం మొదలుపెట్టాక అనుమానం వస్తే పొలుసు లోపలివైపు పైకి పెట్టి, పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుతురులో ఫోటో తీసి పెట్టు తమ్ముడూ. చెట్టు ఫోటో అక్కర్లేదు. ఫ్లాష్ వెయ్యకు, రెక్క అచ్చు కనపడదు.